అన్ని బ్లడ్ బ్యాంకుల రక్తానికీ నాట్ పరీక్ష చేయించాలి

సంపాదకుడు గారికి,

మా అబ్బాయికి తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు. ఎనిమిదో నెల నుంచీ ఇరవై రోజులకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఇప్పుడు వాడికి పదిహేనేళ్లు. ప్రతిసారీ సంచి మీది లేబుల్ నేనే చదువుతాను. గ్రూపు, తేదీ, హెచ్‌ఐవి, హెచ్‌బిఎస్‌ఏజి (హెపటైటిస్ బి), హెచ్‌సివి (హెపటైటిస్ సి)... అన్నిటి ఎదురుగా ‘నాన్ రియాక్టివ్’ (పరీక్షలో ఏమీ తేలలేదు) అని చూశాకే సిస్టర్‌ని ఎక్కించనిస్తాను. అయినా రెండేళ్ల కిందట మామూలుగా చేయించే పరీక్షల్లో వాడికి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు హెపటైటిస్ సి బయటపడింది. జ్వరం లేదు, కళ్లు పచ్చబడలేదు. ఏ సంచిలోంచి వచ్చిందంటే ఎవరు చెప్పగలరు? అప్పటికే రెండు వందలకు పైగా ఎక్కాయి.

దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష మన దేశంలో 2001 నుంచి తప్పనిసరి. సుప్రీంకోర్టు 1996 తీర్పుతో డబ్బుకు రక్తం అమ్ముకోవడాన్ని 1998 నుంచి నిషేధించారు. ఇవి చాలామందిని కాపాడాయి, కాదనను. కానీ దానికి బ్లడ్ బ్యాంకుల్లో చేసే మామూలు ఎలీసా పరీక్ష పట్టేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను. వైరస్ సోకాక అవి తేలడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఈలోగా రక్తం ఇచ్చిన మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, పరీక్షా బాగుందనే చెబుతుంది. నాట్ పరీక్ష నేరుగా వైరస్ జన్యుపదార్థాన్నే పట్టుకుంటుంది కాబట్టి ఆ గడువు వారం పది రోజులకు తగ్గుతుంది. ఖర్చు ఎక్కువని దాన్ని ఇంకా తప్పనిసరి చేయలేదు. ప్రతి బ్లడ్ బ్యాంకులో మిషన్ పెట్టమని అడగడం లేదు. సంచితో పాటు తీసే శాంపిల్ ట్యూబులను రాష్ట్రంలో ఒకటి రెండు చోట్లకు పంపి పరీక్ష చేయించవచ్చు కదా.

ఇంకొకటి. రోగి బంధువులనే రక్తం ఇమ్మంటారు. ఫారం నింపేటప్పుడు ‘ఈమధ్య పచ్చబొట్టు వేయించుకున్నావా, మత్తు సూదులు అలవాటుందా’ అని బావమరిది పక్కన నిలబడి ఉండగానే అడుగుతారు. అక్కడ ఎవరు నిజం చెబుతారు? కనీసం తలుపేసి అడగాలి.

మా వాడు మూడు నెలలు మాత్రలు వాడాడు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇచ్చారు, వైరస్ పోయింది. కానీ రక్తం ఎక్కించడం ఆగేది కాదు, మళ్లీ సోకదన్న భరోసా లేదు. కిందటిసారి ‘ఈ సంచికి నాట్ చేశారా?’ అని అడిగాను. ‘అది ఇక్కడ లేదమ్మా’ అన్నారు. వచ్చే మంగళవారం మళ్లీ వెళ్లాలి.

— ఒక తల్లి, ఖమ్మం జిల్లా