మామిడి సీజనులో జారిపోతున్న ఇంటర్ చదువు

పదో తరగతి పాసైన పిల్లలు కొందరు ఇంటర్‌లో చేరకుండా మామిడి పనుల్లోనే ఉండిపోవడం చిత్తూరు జిల్లాలో ఏటా జరుగుతున్నా పట్టించుకునేవారు లేరు. తోతాపురి కోతలు, గుజ్జు పరిశ్రమల్లో పని జోరందుకునేది జూన్, జూలైలలో. కళాశాలలో చేరాల్సిందీ అప్పుడే. ‘ఈ రెండు నెలలు పనికి పో, అప్పు తీరాక చేరుదువుగాని’ అంటారు ఇంట్లో. మా పక్క ఊరి అమ్మాయి అలాగే వెళ్లింది. తొడిమలు తుంచి తుంచి, సొన పడి వేళ్ల మీద చర్మం ఊడింది. కూలి డబ్బు చేతికి వచ్చేసరికి ప్రవేశాల గడువు దాటిపోయింది. ఇప్పుడు ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. చదువు మీద ఆమెకే ఇష్టం లేదని తేల్చేసే పెద్దలూ ఉన్నారు, వారికి ఏం చెప్పగలం! 2009 నాటి విద్యాహక్కు చట్టం 14 ఏళ్లతో ఆగిపోతుంది కనుక పదిహేనేళ్ల పిల్ల ఏమైందని అడిగే నాథుడు లేడు. జిల్లాలో ఇంటర్ ప్రవేశాల గడువును అపరాధ రుసుము లేకుండా ఆగస్టు చివరి వరకు పొడిగించాలి. పాసైనవారిలో ఎవరు ఎక్కడ చేరారో ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులు జూలైలోనే జాబితా పట్టుకుని సరిచూడాలి. చేరనివారి ఇళ్లకు అధికారులు వెళ్లాలి తప్ప, ఓపెన్ స్కూల్ ఉందిగా అని చేతులు దులుపుకోకూడదు.

– ఒక పాఠకురాలు, బంగారుపాళ్యం, చిత్తూరు జిల్లా