ఆ 9 నిమిషాలకు కృతజ్ఞతలు

గత నెల మా కళాశాల పూర్వ విద్యార్థుల సమావేశానికి ప్రభుత్వ సర్వీసుల్లో ఉన్న సీనియర్లు వచ్చినప్పుడు, సివిల్స్ మెయిన్స్ (ప్రధాన రాత పరీక్ష) తెలుగులో రాయవచ్చా అని అడగాలనుకుని, చుట్టూ అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడుతుండడంతో నోరు మెదపలేకపోయాను. సభ ముగిశాక మెట్ల దగ్గర నిలబడిన నన్ను గమనించి మీరే పలకరించారు.

రాయవచ్చనీ, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే ఇవ్వవచ్చనీ ఒక్క మాటలో తేల్చి చెప్పారు. జనరల్ స్టడీస్ పేపరులో 3 గంటల్లో 20 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 9 నిమిషాలే అంటూ చేతి గడియారం విప్పి మెట్టు మీద పెట్టి, 1908 నాటి మూసీ వరద తరువాత హైదరాబాద్ నగరంలో వచ్చిన మార్పుల గురించి నా చేత అక్కడికక్కడే జవాబు రాయించారు. మీ డ్రైవరు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లినా మీరు లేవలేదు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల పేర్లు రాసి, వాటిని ఎందుకు కట్టారో రాయకుండా వదిలేసిన చోట పెన్సిలుతో గీత గీసి, “మార్కులు పోయేది ఇక్కడేనమ్మా” అన్నారు. (నా చేతిరాత చూసి నవ్వనందుకు మరో నమస్కారం.)

చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లే ప్రతిరోజూ ఆ కాగితం నా పుస్తకంలోనే ఉంటోంది. కంగారులో మీ పేరైనా అడగలేదు సార్, మన్నించండి.