డప్పు రోల్‌కు ఒక్క శాంపిల్ చాలదు

సంపాదకులకు,

బోనాలు, వినాయక నిమజ్జనం దగ్గర పడ్డాయంటే తీన్మార్ రీమిక్సులు కుప్పలుగా వస్తాయి. పాట ఊపందుకునే చోట డప్పు రోల్ (ఆగకుండా వేగంగా పడే దెబ్బల వరస) మాత్రం మెషిన్‌గన్ పేలినట్టు ఒకే తీరుగా టటటటమంటుంది. కంప్యూటర్ డప్పుకు ప్రాణం ఉండదని చాలామంది కొట్టిపారేస్తున్నారు. లోపం ప్రోగ్రామింగ్‌లో ఉంది, దాన్ని సరిచేయొచ్చు. ఈ పని నేర్చుకుంటున్న పిల్లల కోసం రాస్తున్నాను.

ముందు వేగం సంగతి. నిమిషానికి 140 బీట్ల పాటలో ఒక బీట్ నిడివి దాదాపు 429 మిల్లీసెకన్లు. దాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే సెకనుకు 19 దెబ్బల దాకా పడతాయి. డప్పు భుజానికి తగిలించుకుని నడిచే మనిషి చేతులు అంత వేగం అందుకోలేవు. పదహారు ముక్కలు చేస్తే సెకనుకు 37. అప్పుడు దెబ్బలు విడిగా వినపడక జుయ్‌మనే మోత మిగులుతుంది. బీట్‌కు ఆరు చాలు, అంటే 71 మిల్లీసెకన్లకొకటి. ఎఫ్ఎల్ స్టూడియో (సంగీతం తయారుచేసే సాఫ్ట్‌వేర్) పియానో రోల్‌లో, అంటే దెబ్బలు పేర్చే తెరలో, స్నాప్‌ను (దెబ్బలు అతుక్కునే గ్రిడ్ గీతల ఎడాన్ని) 1/6 బీట్‌కు పెట్టుకోవాలి.

అసలు కిటుకు పుల్లల్లో ఉంది. డప్పు కళాకారుడి కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల ఉంటాయి. ఒకటి నిండుగా మోగితే రెండోది చురుగ్గా పలుకుతుంది. ఒకే శాంపిల్‌ను (రికార్డు చేసిన దెబ్బను) వరసగా అతికిస్తే ఆ తేడా అంతా పోతుంది. కాబట్టి రెండింటికీ వేరు శాంపిళ్లు, ఒక్కోదానికి కనీసం మూడు దెబ్బలు ఉంచుకుని తిప్పుతూ వాడాలి. వెలాసిటీ (దెబ్బ ఎంత గట్టిగా పడాలో చెప్పే అంకె) సిర్రకు 100 నుంచి 110, చిటికెన పుల్లకు 70 నుంచి 80, ప్రతి ఆరింటిలో మొదటి దెబ్బకు 120. రాండమైజ్ (అంకెలను ఎలాపడితే అలా మార్చేది) నొక్కి వదిలేస్తే కుదరదు, ఎందుకంటే రెండు చేతుల తేడా ఒక క్రమంలో వస్తుంది. మెల్లగా కొట్టిన డప్పు చిన్నగానే కాదు, కాస్త మొద్దుగా కూడా వినిపిస్తుంది. అందుకే వెలాసిటీని ఫిల్టర్ కటాఫ్‌కు (ఏ హద్దు పైనున్న పదును తగ్గాలో చెప్పేదానికి) కూడా ముడిపెట్టాలి.

ఎడమచేతి దెబ్బలను 3 నుంచి 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా జరపండి. రోల్ మొదటి దెబ్బ, రోల్ ముగిశాక పడే పెద్ద దెబ్బ మాత్రం గ్రిడ్ మీదే ఉండాలి. ఎఫ్ఎల్‌లో పీపీక్యూ (ఒక బీట్‌లో ఎన్ని టిక్కులుండాలో చెప్పే అంకె) మామూలుగా 96 ఉంటుంది. ఈ టెంపోలో ఒక్క టిక్కే 4.5 మిల్లీసెకన్లు, ఇంత సన్నటి జరుపుళ్లకు అది పనికిరాదు. పని మొదలుపెట్టేముందే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో 384కి మార్చుకుంటే టిక్ 1.1 మిల్లీసెకన్లకు దిగుతుంది.

శాంపిల్ తోక (దెబ్బ తర్వాత మిగిలే మోత) 350 మిల్లీసెకన్లుంటే రోల్‌లో ఐదు తోకలు ఒకదానిమీదొకటి పేరుకుంటాయి. మాస్టర్ (పాటంతా కలిసే చివరి ట్రాక్) మీది లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) వాటిని అదిమే క్రమంలో గాయకుడి గొంతునూ కుంగదీస్తుంది. దీనికి కట్ ఇట్‌సెల్ఫ్ (కొత్త దెబ్బ పడగానే పాతదాన్ని తెంపేది) పెడతారు, కానీ శబ్దం తెగినచోట టిక్కుమనొచ్చు. సిర్రకొకటి, చిటికెన పుల్లకొకటి కట్ గ్రూపు (అందులోని దెబ్బలు ఒకదాన్నొకటి తెంపే గుంపు) ఇచ్చి, 10 మిల్లీసెకన్ల రిలీజ్ (శబ్దం మెల్లగా ఆగే వ్యవధి) పెట్టండి. రోల్ మీద రివర్బ్ (ప్రతిధ్వని) బాగా తగ్గించండి.

శాంపిల్ ప్యాకులు తయారుచేసే స్టూడియోలకు ఒక విన్నపం. ఒక్కో పుల్లతో మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా నాలుగేసి దెబ్బలు, మొత్తం 24 రికార్డు చేయండి. డప్పు చల్లారితే శ్రుతి దిగుతుంది, మధ్యమధ్య మళ్లీ మంట దగ్గర కాచకపోతే మొదటి దెబ్బకూ చివరిదానికీ పొంతన ఉండదు. వాయించిన కళాకారుడికి తగిన పారితోషికం ఇచ్చి, ప్యాక్ మీద ఆయన పేరు వేయండి.

— ఒక రిథమ్ ప్రోగ్రామర్, హైదరాబాద్