విషయం: ఆగినప్పుడల్లా వణికే ఇంజిన్, మీలో ఎవరూ చదవని నా ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం ప్రధానాధికారి గారికి,

అయ్యా,

సిగ్నల్ దగ్గర ఆగితే మా కారు ఇంజిన్ మిస్సింగ్ కొట్టి వణుకుతోంది. ఏసీ వేస్తే స్టీరింగ్ కూడా అదురుతుంది. బండి కదిలాక మామూలే. యంత్రం అన్నాక చెడుతుంది, దానికి నాకు కోపం లేదు. ఇంతకాలంగా మీ వాళ్లలో ఒక్కరూ నా మాట చివరిదాకా వినలేదు. నా కోపమంతా దానికే.

విజయవాడలోని మీ సర్వీస్ సెంటర్‌లో మొదట చెప్పినప్పుడు అడ్వైజర్ జాబ్ కార్డులో ‘సాధారణ తనిఖీ’ అని రాసుకున్నాడు. ఇంజిన్ వేడెక్కాకే వణుకు వస్తుంది, బెంజ్ సర్కిల్ దాకా నాతో రండి, చూపిస్తానని బతిమాలాను. రాలేదు. మర్నాడు పొద్దున చల్లగా ఉన్న ఇంజిన్‌ను షెడ్డులోనే స్టార్ట్ చేసి, ఏసీ వేయకుండా చూసి, ‘సమస్య కనబడలేదు’ అని కాగితం చేతిలో పెట్టారు. తర్వాత పెట్రోలు కల్తీ అన్నారు. బంకు మార్చాను. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీలో మసి పట్టిందని శుభ్రం చేసి డబ్బు తీసుకున్నారు. ఇల్లు చేరకముందే వణుకు మళ్లీ మొదలైంది. చివరికి ‘ఈ మోడల్ బళ్లన్నీ ఇంతేనండి, అలవాటవుతుంది’ అన్నారు. లక్షలు పోసి కొన్నది వణుకుకు అలవాటు పడటానికా?

మీ టోల్‌ఫ్రీ నంబరుకు చేసినప్పుడల్లా కొత్త గొంతు పలుకుతుంది. కథంతా మొదటి నుంచి చెప్పించుకుని, సర్వీస్ సెంటర్‌ను అడగమంటుంది. అక్కడ అడిగితే కంపెనీ అనుమతి రావాలంటారు. కారు ఇంకా వాళ్ల షెడ్డులో ఉండగానే ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని నా ఫోనుకు సందేశం పంపారు!

విసిగిపోయి ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దగ్గరకు వెళ్లాను. ఆయన నేను చెప్పింది పూర్తిగా విన్నాడు. ఇంజిన్ వేడెక్కేదాకా ఆగి, ఏసీ వేసి, స్కానర్ పెట్టాడు. పి0302 కోడ్ వచ్చింది. అంటే రెండో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండటం లేదు. ప్లగ్గుకు కరెంటు అందించే దాని ఇగ్నిషన్ కాయిల్ తీసి మూడో సిలిండర్‌కు, మూడోదాన్ని రెండోదానికి మార్చి చూశాడు. కోడ్ పి0303 అయింది. కాయిల్‌తో పాటే లోపమూ మూడో సిలిండర్‌కు మారింది కాబట్టి ప్లగ్గును గానీ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ను గానీ అనుమానించాల్సిన పని లేదన్నాడు. ఇన్ని పరికరాలు పెట్టుకుని మీ వాళ్లు ఈ చిన్న పరీక్ష ఎందుకు చేయలేదు?

ఇదంతా రాసి తీసుకెళితే మీ మేనేజర్ గారు కాగితం విప్పనైనా లేదు. ‘బయటి మెకానిక్ చేయి పడింది, వారంటీ వర్తించదు’ అన్నారు. ఆ మేస్త్రీ కొత్త భాగం ఏదీ వేయలేదు, పాతది ఏదీ పారేయలేదు.

మా నాన్నగారు కొన్న మొదటి కారు మీదే. మా బావగారి చేత పట్టుబట్టి మీ బండే కొనిపించింది నేనే. ఇప్పుడు ఆయనకు ఏమని చెప్పాలి?

కాయిల్‌ను వారంటీ కింద మార్చాలి, శుభ్రం చేసినందుకు తీసుకున్న డబ్బు తిరిగివ్వాలి. అంతకన్నా ముందు, నేను చెప్పిన ఫిర్యాదును జాబ్ కార్డులో ఎందుకు రాయలేదో బాధ్యత గల అధికారి ఎవరైనా సంతకం పెట్టి జవాబివ్వాలి. ఈసారి కూడా మాట్లాడకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. మీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. జాబ్ కార్డులు, మీ సందేశాలు, స్కానర్ ఫొటోలు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మండని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు. అది పాడైతే ఆ ఖర్చూ మీ నుంచే రాబడతాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
విజయవాడ