‘ప్రాక్టీస్’ అన్నా అది హోంవర్కే: పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

చెన్నై పెరంబూరు నుంచి ఒక తల్లి నమస్కరించి రాస్తున్న ఉత్తరం ఇది. చిన్న పిల్లలకు సెలవుల్లో ఇచ్చే హోంవర్క్ మీద మీకు రాయడం ఇది నాలుగోసారి. మొదటిది క్వార్టర్లీ సెలవులు అయిన వారంలో నేనే ఆఫీసుకు వెళ్ళి ఇచ్చాను. రెండోది రిజిస్టర్ పోస్టులో పంపితే సంతకం పెట్టిన కార్డు తిరిగొచ్చింది, జవాబు రాలేదు. మూడోది ఆన్‌లైన్‌లో పెట్టాను. పన్నెండు రోజులకు ఫిర్యాదు పరిష్కారమైందని సెల్‌కు మెసేజ్ వచ్చింది. ఎవరూ నాకు ఫోన్ చేయలేదు, ఎవరూ బడికి వెళ్ళి అడగలేదు. ఏం పరిష్కరించారో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది. తప్పుగా అనుకోకండి.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు హోంవర్క్ ఇవ్వకూడదన్న సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2018 మే 29న ఆ మాట చెప్పింది మన మద్రాసు హైకోర్టే. ఆ నవంబరులో కేంద్రం రాష్ట్రాలన్నిటికీ రాసింది. 2020లో వచ్చిన స్కూలు బ్యాగు విధానంలోనూ అదే ఉంది. అయినా రెండో తరగతి చదివే మా పాపకు హాఫ్ ఇయర్లీ సెలవుల్లో 54 పేజీల కర్సివ్, అంటే ఇంగ్లీషు గొలుసుకట్టు రాత, రాసి తెమ్మన్నారు. సెలవులు తొమ్మిది రోజులు. రోజుకు ఆరు పేజీలు, పేజీకి పది వరుసలు. బడిలో అడిగితే, “ఇది హోంవర్క్ కాదమ్మా, హాలిడే ప్రాక్టీస్” అన్నారు. క్వార్టర్లీకీ ఇదే మాట. ఇంతా చేసి కోర్టు మాట ఒక్క పేరు మార్పుతో పక్కకు పోయింది.

అయ్యా, రోజుకు అరవై వరుసలు అంటే ఏమిటో ఒక్కసారి వినండి. పాప చదివే పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా ఉంటాయి. రాయమన్న పుస్తకంలో గొలుసుకట్టుగా ఉంటాయి. చూసేది ఒకటి, రాసేది ఇంకొకటి. పైగా అన్ని అక్షరాలూ ఒకేలా కలవవు. ‘ఏ’ తర్వాత ‘ఎన్’ రాయాలంటే గీత కింది నుంచి వస్తుంది. ‘బి’ తర్వాత ‘ఓ’ రాయాలంటే పై నుంచి కలపాలి. ఇది పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని నేర్పాల్సిన పని. జిరాక్స్ కాగితాలు చేతికిచ్చి పంపితే ఏడేళ్ళ పిల్ల ఏం చేస్తుంది? తప్పు కలిపిన మాటనే పేజీ పొడుగునా తప్పుగా దించుతుంది. 54 పేజీలు అయ్యేసరికి ఆ తప్పే చేతికి అలవాటైపోతుంది.

మూడో రోజుకే మధ్యవేలి పక్కన ఎర్రగా గుంట పడింది. మణికట్టు నొప్పి అని రాత్రి ఏడ్చింది. మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకలూ పుట్టినప్పుడు మెత్తగా ఉంటాయి. అన్నీ ఎముకగా గట్టిపడేసరికి పదేళ్ళు, కొందరికి పన్నెండేళ్ళు పడుతుంది. అలాంటి చేతితో రోజుకు రెండున్నర గంటలు రాయించాను. రాయించింది నేనే, ఆ తప్పు నాదీ. రాయకపోతే బడి తెరిచిన రోజు క్లాసు బయట నిలబెడతారని పాపకు ఒకటే టెన్షన్. చివరి పద్నాలుగు పేజీలు ఆమె నిద్రపోయాక నేనే రాశాను, పిల్ల రాతలా కనిపించేలా చెయ్యి వణికించి. ఆ పేజీల మీద టీచర్ స్టార్ పెట్టారు. పాప ఇంటికొచ్చి, “ఆ స్టార్ నీదే అమ్మా” అంది.

కర్సివ్ అంటే నాకు కోపం లేదు. మా తాతగారు కరణం, ఆయన గొలుసుకట్టు రాతను ఊరంతా మెచ్చుకునేదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అందమైన రాత పిల్లలకు రావాల్సిందే. బడిలో రోజూ పావుగంట కూర్చోబెట్టి నేర్పితే నేనే వచ్చి దండం పెడతాను.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మేం తెలుగువాళ్ళం. బడిలో పాప తమిళం, ఇంగ్లీషు చదువుతుంది. 2006 చట్టం వచ్చాక తమిళం అందరూ నేర్వాల్సిందే. ఈ ఊళ్ళో బతికేవాళ్ళకు తమిళం రావాలి, అందులో మాకు ఏ అభ్యంతరమూ లేదు. మా భాష రాయడం మాత్రం మేమే ఇంట్లో నేర్పుకోవాలి, దానికి దొరికేది సెలవులే. సెలవులకని గూడూరు నుంచి వాళ్ళ నాయనమ్మ పలక, బలపం పట్టుకుని రైలెక్కి వస్తుంది. దసరాకు బొమ్మల కొలువు ముందు కూర్చుని రోజుకో అక్షరం దిద్దించింది, ‘ఞ’ దాకా వచ్చారు. డిసెంబరులో వచ్చినప్పుడు కొత్తగా ఒక్క అక్షరం కూడా దిద్దించలేకపోయింది. పలక సంచిలోంచి బయటికి తీయకుండానే తిరిగి వెళ్ళింది. పెద్దావిడ ఏమీ అనలేదు. నాకే మనసు ఊరుకోవడం లేదు.

ఇప్పుడు ఎండాకాలం సెలవులు వస్తున్నాయి. ఈసారి వంద పేజీలు అని అప్పుడే చెబుతున్నారు. కత్తిరి ఎండల్లో, కరెంటు పోయిన గదిలో, చెమట చేతులతో వంద పేజీలు! దయచేసి ఆలోచించండి. సెలవుల్లో ఇచ్చే చూచిరాత కూడా హోంవర్కేనని, ఒకటి, రెండు తరగతులకు అది ఇవ్వకూడదని ఏప్రిల్ లోపల ఒక్క ఆర్డర్ వేయండి. జూన్‌లో బడులు తెరిచిన రోజు ఎవరినైనా పంపి పిల్లల సంచుల్లో ఏముందో చూడమనండి. మూడో తరగతి నుంచి ఐదు దాకా హోంవర్క్ వారానికి 2 గంటలు మించకూడదని కూడా ఆ స్కూలు బ్యాగు విధానంలోనే ఉంది. వచ్చే ఏడాది మా పాప మూడోకి వెళ్తుంది, దాన్నీ అమలు చేయించండి. నాకు జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. ఏప్రిల్ చివరిలో బడి వాళ్ళు ఆ కాగితాల కట్ట ఇవ్వకుండా ఉంటే నా ఉత్తరం మీకు అందిందనుకుంటాను.

ఇట్లు,
రెండో తరగతి చదువుతున్న ఒక పాప తల్లి,
పెరంబూరు, చెన్నై