వార్షిక నివేదిక 2024-25: ఫ్లైట్ మీటింగులు తగ్గించే పని ఎక్కడిదాకా వచ్చింది

మన బెంగళూరు సంఘం సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి చదువుకుని వస్తారని రిపోర్టు ముందే పెడుతున్నాను. సంక్రాంతి ముగ్గులు, ఉగాది, కార్తీక వనభోజనాలు ఎప్పట్లాగే బాగా జరిగాయి, ఫోటోలు అందరూ చూశారు, వంటల దగ్గర పొద్దున్నుంచీ నిలబడ్డ అక్కలకీ పిన్నిగార్లకీ కమిటీ తరఫున నమస్కారాలు. ఈసారి ఎక్కువ రాయాల్సింది మీరే పోయినసారి చేతులెత్తి తీర్మానం చేసిన పని గురించి, అంటే ఆఫీసు పని మీద చేసే ప్రయాణాల్లో వీడియోలో అయిపోయేవాటిని వీడియోకి మార్చడం.

మనలో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళూ ఉన్నారు, పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో మిషను పార్టులు తీసే లేత్ షాపులు నడిపేవాళ్ళూ ఉన్నారు, అందరిదీ ఒకటే గోల. గంట మీటింగ్ కోసం చీకటితో లేచి దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకి పోవాలి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచైతే 50 కిలోమీటర్ల పైనే, మధ్యలో హెబ్బాళ దగ్గర ఇరుక్కుంటే టెన్షన్, ఢిల్లీలో దిగాక మళ్ళీ క్యాబ్, రాత్రికి అదే దారిలో వెనక్కి. ఒక కేజీ విమాన ఇంధనం కాలితే 3 కేజీలకి పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఢిల్లీ పోయి రావడానికి ఒక్కో మనిషి వాటాకి 200 కేజీల పైనే పడుతుంది. అదే మీటింగ్ ఇంట్లో కూర్చుని చేస్తే, మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గుదే అనుకున్నా, ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ కలిపి గంటకి 100 గ్రాములు దాటదు. హైదరాబాద్ దగ్గరే కదా అంటారు కొందరు, కానీ పైకి లేవడానికే ఇంధనం బాగా తాగుతుంది కాబట్టి దగ్గర ఊళ్ళ ఫ్లైట్లకి కిలోమీటరుకి పడే పొగ ఇంకా ఎక్కువ.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఫిబ్రవరిలో ఆదివారం పెట్టిన వర్క్‌షాప్. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఓకే, మా సరుకు చేత్తో పట్టుకుని చూపిస్తేగానీ బిల్లు పాస్ కాదు అని పీణ్య అన్నయ్యలు మొదట్నుంచీ అంటున్నారు, అందుకని మాటలు పక్కన పెట్టి అదే చేసి చూపిద్దామనుకున్నాం. ఒక సభ్యుడు తన షాపులో తీసిన స్టీల్ షాఫ్ట్ (మిషన్లలో తిరిగే గుండ్రటి కడ్డీ) తెచ్చారు, అటువైపు హైదరాబాద్ బాలానగర్ నుంచి ఆయన కస్టమర్ లైన్లో ఉన్నారు. టేబుల్ మీద తెల్లగుడ్డ, స్టాండుకి ఫోను, రెండు పక్కలా టేబుల్ లైట్లు. మొదట స్టీల్ మెరుపుకి ఏమీ కనపడలేదు, లైట్లకి బటర్ పేపర్ చుట్టాక గీతలతో సహా కనపడింది. డిజిటల్ వెర్నియర్‌ని (మందం కొలిచే పరికరం) ముందు కెమెరాకి చూపిస్తూ జీరో చేశారు, తర్వాత రెండు చివర్లా, మధ్యలో డయా (వ్యాసం) కొలిచారు, కస్టమర్ తిప్పమన్నప్పుడల్లా జాబ్, అంటే ఆ షాఫ్ట్, తిప్పారు, ల్యాప్‌టాప్‌లో డ్రాయింగ్ పక్కనే తెరిచి ఉంది. అరగంట కూడా పట్టలేదు. కొత్త జాబ్ మొదటి పీసుకి మాత్రం నేనే వస్తాను, తర్వాత బ్యాచ్‌లన్నీ ఇలాగే చూద్దాం అని కస్టమర్ అన్నారు, హాలంతా చప్పట్లు. ఆ సెటప్ మొత్తం తలకెత్తుకున్న పీజీ హాస్టల్ కుర్రాళ్ళకి ఎంత చెప్పినా తక్కువే.

ఆఫీసుల వైపు కథ అంత బాగాలేదు. టికెట్ బుక్ చేసేముందు ఇది వీడియోలో ఎందుకు కుదరదో ఒక్క లైను రాయించండి అని మన సభ్యులు పనిచేసే కంపెనీలకి లెటర్లు పంపాం, కొందరు మేనేజర్లు వెంటనే మొదలుపెట్టారు, చాలామంది అసలు జవాబే ఇవ్వలేదు. 2013 కంపెనీల చట్టం 173వ సెక్షన్ ప్రకారం డైరెక్టర్లే బోర్డు మీటింగ్‌కి వీడియోలో హాజరు కావచ్చు, మరి మూడు నెలలకోసారి చేసే రివ్యూకి ఆరుగుర్ని ఫ్లైట్ ఎక్కించడం ఎందుకో నాకర్థం కాదు. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ రిపోర్టు ఇవ్వాలని స్టాక్ మార్కెట్‌ని చూసుకునే సెబీ రూల్ పెట్టింది, కానీ ఉద్యోగుల ప్రయాణాల పొగ లెక్క అందులో తప్పనిసరి చేయలేదు. చేస్తే సగం టికెట్లు వాటంతటవే ఆగుతాయని నా నమ్మకం.

మిషను బిగించడం, కొత్త టీముతో మొదటి పరిచయం లాంటివాటికి మనిషి వెళ్ళాల్సిందే, అది మేమెప్పుడూ కాదనలేదు. అలాంటప్పుడు రెండు మూడు పనులు కలిపి ఒకేసారి వెళ్ళమంటున్నాం, హైదరాబాద్ అయితే 2023 సెప్టెంబర్ నుంచి యశ్వంతపుర-కాచిగూడ వందే భారత్ ఉంది, ఎనిమిదిన్నర గంటల్లో దింపుతుంది, సీట్లో కూర్చుని ల్యాప్‌టాప్ పని కూడా అవుతుంది.

లెక్కలు కోశాధికారి గారు ఆడిట్ చేయించి పెట్టారు, పేపర్ మీటింగ్ రోజు పంచుతాం. హాలు అద్దె, మైకు, టిఫిన్లు, ఒక మంచి కెమెరా, అంతే. చందా బాకీలున్నవాళ్ళు దయచేసి కట్టేయండి.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. వర్క్‌షాప్‌కి వస్తామని గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టినవాళ్ళలో చాలామంది ఆ రోజు ఫోన్ కూడా ఎత్తలేదు, కుర్చీలు మోసింది కమిటీ వాళ్ళూ, అరవై దాటిన ఇద్దరు పెద్దవాళ్ళూ. హాలు పర్మిషన్ కోసం తిరిగిన ఆఫీసులో అయితే మెయిల్ పంపితే చూడరు, వెళ్తే రేపు రమ్మంటారు, మన ఉపాధ్యక్షులు సెలవులు పెట్టుకుని మరీ తిరిగారు. ఆయన ఓపికకి దండం పెట్టాలి.

వచ్చే ఏడాది పీణ్యలోనే ఒక షాపులో ఇదే సెటప్ పర్మనెంట్‌గా పెట్టాలని కమిటీ ప్రతిపాదన, చోటు ఇస్తామని ఇద్దరు ముందుకొచ్చారు. మీటింగ్‌లో దీని మీద ఓటింగ్ ఉంటుంది. బయటూళ్ళలో ఉన్న సభ్యులు వీడియోలోనే చేరండి, లింకు ముందు రోజు రాత్రి వస్తుంది. వాలంటీర్లుగా పేర్లిచ్చేవాళ్ళు మాత్రం ఆదివారాలు నిజంగా ఖాళీ ఉంటేనే ఇవ్వండి.

మీ కార్యదర్శి