వార్షిక నివేదిక: కలుపు గింజల అధ్యయనం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని చాలావరకు పురాతన కలుపు గింజల మీదే సాగింది. ఏం పండించారో ధాన్యపు గింజే చెబుతుంది. ఎలా పండించారో తెలియాలంటే మాత్రం పంటతోపాటు కోతకొచ్చి, నిప్పులో మాడి బొగ్గుగా మిగిలిన కలుపు విత్తనాన్ని అడగాలి.

శిక్షణలో ఎక్కువ సమయం మట్టిని నీటిలో తేల్చే పనికే పట్టింది. తవ్వకంలో ఒక్కో పొర నుంచి 20 నుంచి 40 లీటర్ల మట్టి తీసి, కొలత రాసుకుని, నీటిలో మెల్లగా కలపాలి. తేలిన బొగ్గును 0.3 మి.మీ. లేదా అంతకన్నా సన్నని జల్లెడలో పట్టాలి. 0.5 మి.మీ. జల్లెడ పెడితే సన్న గింజలు చాలావరకు జారిపోతాయి, ఆ పొలంలో కలుపే లేదనుకునే ప్రమాదం ఉంది. బంకమట్టిని ముందే నానబెట్టాలి. కర్రతో కుమ్మితే గింజలు చితుకుతాయి. పట్టినదాన్ని బట్టలో మూటగట్టి నీడన ఆరనివ్వాలి, ఎండలో పెడితే పగిలిపోతుంది.

తేల్చడం సరిగా జరుగుతోందా అని చూడటానికి, మాడ్చిన గసగసాలు 100 లెక్కపెట్టి మట్టిలో కలపడం మంచి పరీక్ష. సగమే తిరిగొస్తే ఎక్కడో కారుతోందన్నమాట. తర్వాతి మట్టిలో అవి కనబడితే తొట్టి సరిగా కడగలేదు.

గింజలు దొరకగానే నేల సారం గురించి మాట్లాడాలనిపిస్తుంది. అక్కడే చాలామంది తప్పుతారు. నూర్పిడి తర్వాత ఏ దశలో మిగిలిన చెత్తో ముందు తేల్చాలి. తేలికైన విత్తనాలు తూర్పారబట్టేటప్పుడే ఎగిరిపోతాయి. కాయల్లోనో తలల్లోనో ఉండిపోయేవి పెద్ద కన్నుల జల్లెడపై ఆగుతాయి. చిన్నవి, బరువైనవి సన్న జల్లెడ కిందికి దిగుతాయి. ధాన్యమంత ఉన్నవి చివరిదాకా ధాన్యంలోనే ఉండి, చేత్తో ఏరితేగానీ పోవు. గ్రీసులోని అమోర్గోస్ దీవి రైతుల పనిని గమనించి పురావస్తు వృక్షశాస్త్రవేత్త గ్లినిస్ జోన్స్ ఈ పద్ధతిని రూపొందించారు. శుభ్రం చేసిన ధాన్యాన్నీ జల్లెడ కింది చెత్తనూ పక్కపక్కన పెట్టి పోలిస్తే, కనిపించే తేడా పొలాలది కాదు, జల్లెడది.

ఆ వడపోత దాటాకే మొక్కల స్వభావానికి రావాలి. నేలబారు కలుపు ఉంటే పంటను మొదలు దగ్గర కోశారని అర్థం. ఎత్తైనవీ, పైకి పాకేవీ మాత్రమే ఉంటే వెన్నులు తుంచి ఉండవచ్చు. బహువార్షికాలు ఎక్కువైతే దున్నకం తక్కువ. మధ్య ఐరోపా తొలి రైతులు అడవి నరికి పోడు చేసేవారన్న పాత భావనను మరో పురావస్తు వృక్షశాస్త్రవేత్త ఎమీ బోగార్డ్ ఇలాగే ప్రశ్నించారు: పోడులో ఉండాల్సిన అడవి బహువార్షికాలు అక్కడి నమూనాల్లో దాదాపుగా లేవు. ఏటేటా అదే మడిని శ్రద్ధగా సాగుచేశారన్నది ఆమె నిర్ణయం.

రెండు జాగ్రత్తలు. పిడకలు కాల్చిన పొయ్యిలో పశువులు మేసిన గడ్డి గింజలూ ఉంటాయి. వాటిని పొలం కలుపుగా లెక్కిస్తే లెక్కంతా తప్పుతుంది. నీరు నిలవని మామూలు నేలలో దొరికిన మాడని గింజ దాదాపుగా ఈ కాలానిదే, చీమలో వేళ్లో లోపలికి చేర్చినది.

వచ్చే ఏడాది నుంచి ప్రతి సంచి చీటీపై పొర, లీటర్లు, జల్లెడ కన్ను, దొరికిన చోటు (పొయ్యి, గాదె, చెత్తగుంట) తప్పక రాయాలి. ఇవి లేని సంచులను సంఘం గుర్తింపు పనికి తీసుకోదు.